ఎవరూ చూడని పేజీ

రోజుకి తొమ్మిది వేల మంది తన రాతలు చదివి వెళ్తున్నారని మిషనక్క దాదాపు నాలుగు నెలలు నమ్మింది. అందులో ఆవిడ తప్పేం లేదు. అంకె కళ్లెదురుగా కనిపిస్తుంటే ఎవరైనా నమ్ముతారు.

ఆవిడ పని కుట్టుమిషన్లు బాగుచేయడం. వయసు యాభై దాటినా, తనకంటే పెద్దవాళ్లు కూడా మిషనక్కా అనే పిలిచేవాళ్లు. మూడంతస్తుల ఇంట్లో కింద, మెట్ల పక్కనున్న చిన్న గదే కొట్టు. లోపలికి ఇద్దరొస్తే మూడోవాళ్లు గుమ్మంలో నిలబడాలి. గోడకి మేకులు, మేకులకి బెల్టులు, అరల్లో పాత డబ్బాల నిండా స్ప్రింగులు, స్క్రూలు, సూదులు. కిటికీ దగ్గర బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక మిషను పొట్ట విప్పుకుని పడుకుని ఉండేది.

ఆవిడ చెవి గురించి ఊళ్లో టైలర్లు కథలుగా చెప్పుకునేవాళ్లు. ఎవరైనా ఫోన్ చేసి మిషను మొరాయిస్తోందంటే, ఫోను దాని పక్కన పెట్టి నాలుగు సార్లు తొక్కమనేది. కళ్లు మూసుకుని వినేది. సూది కింద తిరిగే షటిల్లో దారం ముక్క ఇరుక్కుందనో, బెల్టు వదులైందనో చెప్పేది. నూటికి తొంభై సార్లు అదే అయ్యేది. రోజంతా ఇదే పని కావడంతో చెప్పిందే చెప్పి గొంతు పోయేది. ఒకరోజు మరిది, అంటే భర్త తమ్ముడు, "వదినా, ఇదంతా ఒకచోట రాసిపెట్టు, వాళ్లే చదువుకుంటారు" అన్నాడు. అతను పై అంతస్తులో ఉంటాడు. ఫోన్లు బాగుచేసే కొట్లో పని. చేతిలో పనితనం ఉంది, కాకపోతే నోరు చేతికంటే ముందు పరిగెత్తుతుంది. వారం తిరక్కుండా వెబ్‌సైట్ తయారుచేసి దానికి మిషనక్క అనే పేరు పెట్టాడు.

ఆవిడ రాయడం మొదలుపెట్టింది. సూది ఎందుకు విరుగుతుంది, కుట్టు ఎందుకు తప్పుతుంది, నూనె ఎక్కడ పోయాలి, ఎక్కడ పోయకూడదు. మాట్లాడినట్టే రాసేది. "ఇప్పుడు చక్రాన్ని నీ వైపుకి తిప్పు, బలవంతం చెయ్యకు, అది నీ శత్రువు కాదు" అని ఉండేది ఒక పేజీలో. రెండేళ్లలో అరవై ఒక్క పేజీలయ్యాయి. రోజుకి ముప్పై నలభై మంది వచ్చేవాళ్లు. ఆవిడకి అదే గొప్ప.

ఆ తర్వాత ఏడాది ఆవిడ మెట్ల మీద పడింది. మరిది ఫోను విడిభాగాల అట్టపెట్టె ఒకటి మూడో మెట్టు మీద పెట్టి మర్చిపోయాడు. ఆవిడ మిషను తలకాయ రెండు చేతుల్తో ఎత్తుకుని దిగుతూ దాన్ని చూడలేదు. మిషన్ని పడనివ్వలేదు, తనే పడింది. ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఆరు వారాలు పిండికట్టు వేశారు. మొదటి మూడు రోజులు కోపంతో చేతికందిందల్లా విసిరికొట్టింది. నాలుగో రోజునుంచి ఒక్క చేత్తోనే పని చేయడం ఎలాగా అని చూసింది. సూదిలో దారం ఎక్కించాలంటే ఒక చేత్తో రీలు దగ్గర దారం బిగించి పట్టుకోవాలి, ఇంకో చేత్తో లాగాలి. ఆవిడ రీలు దగ్గర దారానికి బట్టల క్లిప్పు పెట్టింది. దారం కొసకి కొవ్వొత్తి రాసి గట్టిపరిచి ఏటవాలుగా కత్తిరించింది. సూది వెనక తెల్ల కాగితం ముక్క నిలబెట్టింది. కింది దారం చుట్టుండే బాబిన్ కేసుని ఒక చెక్కముక్కకి చేసిన గుంటలో కూర్చోబెట్టింది. ఇవన్నీ కుదిరాక, చేత్తో టైపు చేసే ఓపిక లేక, ఫోన్లో మాట్లాడింది. ఫోను సూదిని చూడు అనీ, దారాన్ని ద్వారం అనీ రాసింది. భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆయన మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో మాటా దిద్దాడు. అలా ఒక పేజీ తయారైంది. "ఒంటి చేత్తో దారం ఎక్కించడం, బాబిన్ పెట్టడం" అని పేరు పెట్టి సైట్లో పెట్టేశారు. పిండికట్టు విప్పాక ఆవిడ దాని సంగతే మర్చిపోయింది.

మరిది మాత్రం మర్చిపోలేదు. అట్టపెట్టె గురించి ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే అతన్ని ఎక్కువ కాల్చింది. కొట్టు ముందునుంచి వెళ్లేటప్పుడు తలవంచుకుని వెళ్లేవాడు.

అలా నాలుగైదు నెలలు గడిచాక అంకె లేచింది. ఒక పొద్దున సైట్ తెరిస్తే ముందురోజు వెయ్యీ నూటపన్నెండు మంది వచ్చినట్టుంది. ఫోను చెడిపోయిందనుకుని ఆవిడ దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేసింది. అదే అంకె. వారం గడిచాక రోజుకి నాలుగు వేలు. నెల తిరిగేసరికి తొమ్మిది వేలు. తను బతికిన వీధిలో మొత్తం ఇళ్లు లెక్కేసినా రెండొందలు లేవు. తొమ్మిది వేల మందిని ఒకచోట ఊహించుకోలేక, భర్త బస్సుతో లెక్కేసింది. నిండుగా నిలబడితే డెబ్బై మంది. నూట ఇరవై ఎనిమిది బస్సులు. ఆయన టీ తాగుతూ, అన్ని బస్సులు మా డిపోలోనే లేవే అన్నాడు.

అక్కణ్నుంచి ఆవిడ మారింది. మెల్లగా మారింది, అందుకే ఎవరూ గమనించలేదు. పొద్దున కొట్టు తీయకముందే అంకె చూసేది. తగ్గితే ఆ పూటంతా చిరాకు. పెరిగితే ఎవరి మిషనుకైనా ఉచితంగా నూనె పెట్టేసేది. ఏ పేజీకి ఎంతమంది వచ్చారో కూడా సైట్ చూపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువ మంది ముందు పేజీకే వచ్చేవాళ్లు. అక్కడ ఆవిడ ఫోటో ఉంది. జనానికి నీ మొహం నచ్చిందని చెల్లెలు ఫోన్లో అంటే నవ్వి కొట్టిపారేసింది గానీ, మర్నాడు కొత్త చీర కట్టుకుని ఇంకో ఫోటో తీయించుకుంది.

అడుగున ఉన్న పేజీలకి పది, ఏడు, పద్నాలుగు, మూడు అని ఉండేది. తొమ్మిది వేల పక్కన ఆ అంకెలు చూస్తే ఆవిడకి చిన్నతనంగా ఉండేది. పనికిరాని పేజీలు మోస్తుంటే మిగతావాటి బలం తగ్గుతుందని మరిది ఎక్కడో చదివి చెప్పాడు. ఒక శుక్రవారం పొద్దున ఆవిడ కూర్చుని ఇరవై రెండు పేజీలు తీసేసింది. ఒక్కోదాని మీదా తన వేలే నొక్కింది. ఒంటి చేతి పేజీ దగ్గర ఒక్క క్షణం ఆగింది. పద్నాలుగు మంది. నా చెయ్యి బాగైపోయింది కదా, ఇంకా ఎవరికిలే అనుకుని అదీ తీసేసింది.

ఇక క్లాసు సంగతి. సైట్ చెప్పే లెక్క ప్రకారం ఆ తొమ్మిది వేలల్లో రెండు వేల పైచిలుకు మంది సొంత ఊరివాళ్లే. ఇంతమంది ఊళ్లోనే ఉన్నప్పుడు, ఫోటోలు చూసి నేర్చుకోవడం ఎందుకు, ఎదురుగా కూర్చోబెట్టి నేర్పుదామనిపించింది ఆవిడకి. గ్రంథాలయం హాలు ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అడిగి తీసుకున్నారు. మూడు వారాలు ముందునుంచీ సైట్లో పెద్ద అక్షరాలతో పెట్టారు. రెండు వేలల్లో పదో వంతు వచ్చినా రెండొందల మంది. హాల్లో ఉన్న కుర్చీలు చాలవని మరో వంద తెప్పించారు. భర్త సెలవు పెట్టి ఆరు మిషన్లు వ్యానులో ఎక్కించాడు. తలుపు దగ్గర తొక్కిసలాట అవుతుందేమోనని ఆవిడ భయపడి, వచ్చినవాళ్లని వరసలో నిలబెట్టడానికి తాడు కూడా తెచ్చింది.

పదయింది. పదింబావయింది. పదకొండుకి హాల్లో తాము ముగ్గురూ కాక నలుగురున్నారు. ఇద్దరు ఎప్పుడూ మిషన్లు తెచ్చే పాత టైలర్లు. ఒకాయన పేపరు చదువుకోవడానికి వచ్చి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదా అని కూర్చున్నాడు. నాలుగో మనిషి నలభై ఏళ్లావిడ. వాళ్లమ్మ మిషన్ని మిషనక్కే బాగుచేసింది, ఆ అభిమానంతో వచ్చింది. ఒక పత్రిక వెబ్‌సైట్ చూసుకోవడం ఆవిడ ఉద్యోగం.

మిషనక్క వరసలుగా వేసిన ఖాళీ కుర్చీల ముందు నిలబడి ఉంది. తలుపు చప్పుడైతే చాలు తల తిప్పేది. గాలికి తలుపు కొట్టుకుంటోంది, అంతే. పదకొండున్నరకి ఒక కుర్చీలో కూలబడింది. ఆరు మిషన్లూ ఆవిడ వైపే చూస్తున్నట్టున్నాయి. ఇంతమందికి ఒకేసారి ఏమొచ్చింది, ఊళ్లో ఏదైనా జరిగిందా, బస్సులు తిరగడం లేదా అని భర్తని అడిగింది. ఆయన వెళ్లి రోడ్డు చూసొచ్చాడు. బస్సులు తిరుగుతున్నాయి.

పత్రికావిడ సైట్ లెక్కలు ఒకసారి చూపించమని అడిగింది. మరిది వద్దన్నట్టు ఏదో గొణిగాడు గానీ మిషనక్క అప్పటికే ఫోను ఆవిడ చేతిలో పెట్టేసింది. పత్రికావిడ పైన ఉన్న పెద్ద అంకె వంక చూడనే లేదు. కిందకి, ఇంకా కిందకి వెళ్లింది. ఆ లోతున ఏదో ఉందని కూడా మిషనక్కకి తెలీదు.

"అక్కా, కొట్టుకి కొత్తగా ఎవరైనా వస్తే, మిమ్మల్ని ఎవరు పంపారని అడుగుతారా?"

అడుగుతానంది మిషనక్క. ఫలానా టైలరు చెప్పాడని కొందరు, బోర్డు చూసి వచ్చామని కొందరు అంటారంది.

"ఇక్కడా అది రాసి ఉంటుంది. ఎంతమంది వచ్చారన్నదొక్కటే మీరు చూస్తున్నారు. ఎటునుంచి వచ్చారు, వచ్చి ఏం చేశారు, అది చూడాలి."

ఆవిడ ఓపిగ్గా చూపించింది. సూది విరుగుతోందని సెర్చ్‌లో వెతికి వచ్చేవాళ్లు కొందరు. ఇంకో సైట్లో ఉన్న లింకు నొక్కి వచ్చేవాళ్లు కొందరు. స్నేహితులు ఫోనుకి పంపితే వచ్చేవాళ్లు, పేరు గుర్తుపెట్టుకుని నేరుగా వచ్చేవాళ్లు. వీళ్లంతా వచ్చి రెండు మూడు నిమిషాలైనా ఉంటారు, ఒక పేజీనుంచి ఇంకో పేజీకి వెళ్తారు, మళ్లీ ఎప్పుడో వస్తారు. ఇక ఆ తొమ్మిది వేలు. వాళ్లు ప్రతి గంటకీ సరిగ్గా పదిహేడో నిమిషంలో, గుంపుగా వస్తున్నారు. అందరి ఫోను తెరలూ ఒకే కొలత. అందరూ ముందు పేజీకే. వచ్చి ఉన్న సమయం సున్నా సెకన్లు. నాలుగు నెలల్లో ఒక్కరు కూడా రెండో పేజీ తెరవలేదు.

"సున్నా సెకన్లలో ఏం చదువుతారు?" అంది మిషనక్క.

"వీళ్లు మనుషులు కారక్కా. ప్రోగ్రాములు. వచ్చినట్టు లెక్కలో పడటమే వాటి పని. మీ ఊరు అని రాసి ఉంది చూశారా, అది కూడా వాటి యజమాని పెట్టినదే. ఎవరో డబ్బిచ్చి తెప్పించారు."

పేపరు చదువుకునే ఆయన పేపరు దించాడు. మరిది చేతిలో మడతపెట్టిన కుర్చీ ఉంది. దాన్ని నెమ్మదిగా గోడకి ఆనించాడు.

"నేనే వదినా," అన్నాడు. "నీ చెయ్యి నావల్ల విరిగింది. నువ్వు సంతోషపడతావని తెప్పించాను. ఆపుదామనుకున్నాను, నువ్వు పొద్దున్నే అంకె చూసి నవ్వుతుంటే ఆపలేకపోయాను."

నూట ఇరవై ఎనిమిది బస్సులు ఆవిడ కళ్లముందే ఖాళీ అయిపోయాయి. కొత్త చీర, కొత్త ఫోటో, చెల్లెలితో చెప్పిన గొప్పలు, తొక్కిసలాటకి తెచ్చిన తాడు, ఒక్కొక్కటే గుర్తొచ్చి మొహం మంటెత్తింది. కానీ మరిదిని ఏమీ అనలేదు. మరి నిజంగా వచ్చేవాళ్లు ఎంతమంది అని మాత్రం అడిగింది.

ఆ ప్రోగ్రాముల్ని పక్కన పెట్టి పత్రికావిడ మళ్లీ లెక్కేసింది. రోజుకి నలభై ఐదు మంది. అంటే మొదట్నుంచీ ఎంతమందో, ఇప్పుడూ ఇంచుమించు అంతే. అంతలో పత్రికావిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఒక వరస మీద వేలు పెట్టి ఆగిపోయింది. వీళ్లెవరక్కా అంది. తన పత్రికకి కూడా ఇలాంటి పాఠకులు లేరంది. ఒకే లింకు నుంచి, పని రోజుల్లో మాత్రమే, పొద్దున పదికీ పన్నెండుకీ మధ్య, పద్నాలుగు మంది. ఒక్కొక్కరూ నలభై నిమిషాలు ఉన్నారు. నలభై నిమిషాలు ఒకే పేజీ మీద. ఎనిమిది నెలలుగా ఇదే తీరు.

"ఏ పేజీ?" అంది మిషనక్క.

పత్రికావిడ పేరు చదివింది. ఒంటి చేత్తో దారం ఎక్కించడం, బాబిన్ పెట్టడం.

"కానీ ఇరవై మూడు రోజులుగా పేజీ లేదని వస్తోంది. అయినా వచ్చారు. మొదటి రోజు పద్నాలుగు మందీ వచ్చి చూసి పోయారు. రెండో రోజు పన్నెండు. తర్వాత తొమ్మిది, తర్వాత నలుగురు. మొన్న శుక్రవారం ఒక్కరే వచ్చారు."

మిషనక్క తన కుడిచేతి చూపుడువేలు వంక చూసుకుంది. తొమ్మిది వేల మంది అబద్ధమని విన్నప్పుడు రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి.

ఆ లింకు ఎక్కడిదో కూడా అందులోనే ఉంది. అదే ఊళ్లో ఒక ఆస్పత్రిలో, చేతులు దెబ్బతిన్నవాళ్లకి మళ్లీ పనులు నేర్పే విభాగం. కొట్టుకి ఎనిమిది స్టాపుల దూరం.

ఇంటికి రాగానే పేజీ తిరిగి పెట్టమని మరిదికి చెప్పింది. అతను కంప్యూటరంతా గాలించాడు. దాచిన కాపీ ఉంది గానీ, అది రెండేళ్ల కిందటిది. అప్పటికి ఆవిడ చెయ్యి విరగనే లేదు. ఆ పేజీ ఫోన్లోకి చెప్పింది తప్ప నోటుపుస్తకంలో రాసుకోలేదు. సరే మళ్లీ రాద్దామని మిషను ముందు కూర్చుంది. ఎడమచెయ్యిని తువ్వాలుతో ఛాతీకి కట్టించుకుంది. క్లిప్పు గుర్తుంది, కొవ్వొత్తి గుర్తుంది. బాబిన్ దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. కేసు గుంటలో పెట్టాక దారాన్ని దాని చీలికలోంచి ఎలా లాగింది? బాబిన్ గిర్రున తిరిగిపోకుండా ఏం అడ్డం పెట్టింది? పదిసార్లు చేసింది, పదిసార్లూ బాబిన్ దొర్లుకుంటూ బల్ల కిందకి పోయింది. భర్త ప్రతిసారీ వంగి తీసిచ్చాడు. ఆయన దిద్దిన మాటలు ఆయనకీ గుర్తులేవు. తను చేసిన పని, తను చెప్పిన మాట, తన బుర్రలోంచే పోయిందంటే ఆవిడ నమ్మలేకపోయింది.

సోమవారం పొద్దున కొట్టు తీయకుండా పనిముట్ల సంచి భుజాన వేసుకుని బస్సెక్కింది.

అది మూడో అంతస్తులో పొడుగాటి గది. ఒక గోడంతా కిటికీలు. బల్లల మీద చెక్కలకి బిగించిన తాళాలు, కుళాయిలు, తలుపు గొళ్లాలు, చొక్కా బొత్తాలు. ఒక్కో బల్ల దగ్గరా ఒకరు కూర్చుని, వినని వేళ్లతో వాటిని తిప్పుతూ ఉన్నారు. మూలన ఒక పాత కంప్యూటరు, దాని పక్కన రంగు వెలిసిన కుట్టుమిషను. కంప్యూటరు దగ్గర చోటు లేనివాళ్లు పేజీని ఫోన్లలో చదువుకునేవాళ్లట. డాక్టరమ్మ ఎవరితోనో ఉన్నారు, కూర్చోమన్నారు. మిషనక్క అలవాటుగా మిషను దగ్గరికే వెళ్లి కూర్చుంది.

అక్కడ అరవై ఏళ్లాయన ఒకరున్నారు. గుడ్డ సంచులు కుట్టడం ఆయన వృత్తి. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి భుజం నుంచి వేలాడిపోయింది. ఆవిడ ఎవరో ఆయనకి తెలీదు. కొత్తగా చేరిన మనిషనుకుని, ఏ చెయ్యి అని అడిగాడు. ఎడమ అంది, అబద్ధం కాదు కనక. నేర్చుకోవాలంది.

"అయితే ఆ చెయ్యి వెనక్కి పెట్టుకో అమ్మాయ్. సాయానికి పిలవకు."

ఆయన నేర్పడం మొదలుపెట్టాడు. క్లిప్పు ఎక్కడ పెట్టాలో, కొవ్వొత్తి ఎంత రాయాలో చెబుతుంటే ఆవిడ వింటూ ఉండిపోయింది. అవి ఆయన మాటలు కావు. "తొందరపడకు, సూదికి ఎక్కడికీ వెళ్లే పని లేదు" అన్నాడు. అది తను ఫోన్లో అన్న మాట. ఒక్క అక్షరం తేడా లేదు. పని బాబిన్ దగ్గరికొచ్చింది. ఆయన కేసుని గుంటలో పెట్టి, బాబిన్ వేసి, దాని మీద ఒక పెద్ద బొత్తాం బోర్లించి, అరచేతి అంచుతో నొక్కిపట్టి, వేలితో దారం లాగాడు. చక్కగా చీలికలోకి వెళ్లి కూర్చుంది.

బొత్తాం తను చెప్పలేదని ఆవిడకి గట్టిగా తెలుసు. ఇదెక్కడిదని అడిగింది.

"ఇది మాది," అన్నాడాయన. "రాసినావిడ గట్టి మనిషే, కాదనను. కానీ ఆవిడకి ఎడమచేతి వేళ్లు కదిలేవి. పిండికట్టు లోంచి బయటికున్న వేలికొసలతో బాబిన్ని ఆపేది. ఆ సంగతి ఆవిడకే తెలీదు. అంతా ఒక్క చేత్తోనే చేశాననుకుని రాసేసింది. మాకు ఎన్నిసార్లు చేసినా రాలేదు. చదివీ చదివీ, చేసీ చేసీ, నెల తర్వాత తేలింది ఎక్కడ తేడా ఉందో."

నలభై నిమిషాలు ఒకే పేజీ మీద వాళ్లెందుకు కూర్చున్నారో మిషనక్కకి అప్పుడర్థమైంది. నిన్న బాబిన్ పదిసార్లు ఎందుకు దొర్లిందో కూడా అర్థమైంది. ఎడమచెయ్యిని మెల్లగా ముందుకి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ రాసింది నేనేనండీ," అంది. "తీసేసింది కూడా నేనే."

ఆయన చేతిలోని బొత్తాం బల్ల మీద పెట్టాడు.

"ఎందుకు తీశావమ్మా?"

"ఎవరూ చూడటం లేదనుకున్నాను."

"మేం పద్నాలుగు మందిమి చూశాం కదా," అన్నాడాయన. కోపంగా అనలేదు. లెక్క సరిచేస్తున్నట్టు అన్నాడు.

అప్పుడు డాక్టరమ్మ వచ్చారు. ఆవిడ ఎవరో తెలిశాక, ఆశ్చర్యంగా, మొదట క్షమాపణ చెప్పింది డాక్టరమ్మే. అడక్కుండా మీ పేజీ మావాళ్లకి వాడుకున్నాం, అందుకే మీకు కోపమొచ్చి తీసేశారనుకున్నాం అన్నారు. మన్నించమని రెండు ఉత్తరాలు సైట్ అడ్రసుకి రాశారట. తొమ్మిది వేలతో పాటు వచ్చిపడే చెత్త ఉత్తరాల మధ్య మిషనక్క వాటిని చూడనేలేదు.

"నిన్న మీ క్లాసుకి వద్దామనే అనుకున్నామమ్మా. అందరం కలిసి. మొహం చెల్లక మానేశాం."

మిషనక్కకి రెండొందల ఖాళీ కుర్చీలు గుర్తొచ్చాయి. అందులో పద్నాలుగు నిండేవి.

ఆ వారమంతా ఆవిడ పొద్దునపూట కొట్టు మూసి అక్కడికే వెళ్లింది. కొత్త పేజీని కలిసి రాశారు. సంచులాయన చెబుతుంటే ఆవిడ రాసింది. మధ్యలో కుడిచెయ్యి పోయిన ఒకమ్మాయి, ఇదంతా ఎడమచేతి రోగులకే రాస్తున్నారు, మా సంగతేంటని నిలదీసింది. దాంతో ఇంకో పేజీ రాయాల్సి వచ్చింది. అది మొదటిదానికంటే కష్టమైంది, ఎందుకంటే మిషను చక్రం కుడివైపే ఉంటుంది. మరిది ఆదివారాలు చెక్కముక్కలకి గుంటలు చేసిపెట్టాడు. డబ్బిచ్చి తెప్పించే గుంపుని క్లాసు జరిగిన రాత్రే ఆపేశాడట. మర్నాడు పైన అంకె నలభై మూడు చూపించింది. తొమ్మిది వేల తర్వాత నలభై మూడు. తెలిసి ఉండి కూడా ఆవిడకి గుండె ఒక్కసారి జారింది. అలవాటు అంత చెడ్డది.

తర్వాత ఆవిడ పద్ధతి మారింది. వారానికొకసారి కూర్చుని, ఎవరు ఎటునుంచి వచ్చారో చూసేది. ఏ పేజీ మీద ఆగారు, ఎక్కడ విసుగొచ్చి వెళ్లిపోయారు. షటిల్ పేజీలో అందరూ మూడో పేరా దగ్గరే వెళ్లిపోతున్నారని గమనించి, ఆ పేరా మళ్లీ రాసింది. తీసేసిన మిగతా ఇరవై ఒక్క పేజీల్లో దొరికినవి వెనక్కి పెట్టింది. సంచులాయన మళ్లీ పనిలో చేరాడు. మునుపటి వేగం లేదు, రోజుకి సంచులు తక్కువే, కానీ కుడుతున్నాడు.

ఏడాది తర్వాత ఒక వారం ఆస్పత్రి లింకు నుంచి ఒక్కరూ రాలేదు. సోమవారం సున్నా, మంగళవారం సున్నా. బుధవారం కూడా సున్నా. మళ్లీ ఏం చెరిపానా అని అన్ని పేజీలూ తెరిచి చూసింది. అన్నీ ఉన్నాయి. గురువారం ఉండబట్టలేక బస్సెక్కింది. మెట్లెక్కి పొడుగాటి గది తలుపు తోస్తే, మూలన కంప్యూటరు లేదు. చెడిపోయి బాగుచేయడానికి వెళ్లిందట. ఎవరి చేతిలోనూ ఫోనూ లేదు. కుట్టుమిషను పైన గోడంతా పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. ఎవరో వణికే చేత్తో పేజీ మొత్తం, దూరంనుంచి కూడా కనపడేలా, లావుపాటి అక్షరాలతో రాశారు. కింద మిషను చుట్టూ జనం.

సాయంత్రం ఇంటికొచ్చాక, ఎంతమంది వచ్చారు వదినా అని మరిది మెట్ల మీదనుంచే అడిగాడు. పదకొండు మంది అంది ఆవిడ. ఒక్క క్షణం ఆలోచించి, ఒకాయన నిద్రపోతున్నాడు, పదే రాసుకో అంది.